చాప ఖాళీగా ఉండకూడదు

మా ఇంటికీ మ్యూజియానికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో ఒక పొట్టి తలుపు. నడుం వంచి వెళ్ళాలి.

ఒకప్పుడు అవతలి స్థలం కూడా మాదే. ఓడ దిగి వచ్చిన ఒక దొర, సముద్రం పక్కన కూర్చుని బొమ్మలు వేసుకుంటానంటే మా ముత్తాత కొబ్బరితోటలో సగం రాసిచ్చాడు. ఆ దొర పేరు వెల్డెకాంప్. ఇప్పుడు ఆ పేరు చెప్తే ఎక్కడెక్కడి వాళ్ళో తలలూపుతారు. బస్సుల్లో దిగుతారు, చెప్పులు విప్పి గదులన్నీ తిరుగుతారు, చివరి గదిలో మాత్రం గొంతు తగ్గిస్తారు. అక్కడ గోడంత బొమ్మ ఒకటుంది. పసుపు చాప మీద ఒక అమ్మాయి. రెండు కాళ్ళూ ఒక పక్కకి మడిచి, కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి, కిటికీ వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు వచ్చినవాళ్ళు.

నాకు ఆ ప్రశాంతత ఎప్పుడూ కనిపించలేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా కదలడానికి వీల్లేని మనిషి ముఖం అది.

ఆ అమ్మాయి పేరు సందాత్. మా అమ్మమ్మకి సొంత అక్క.

మా అమ్మమ్మ సోకన్ ఆ మ్యూజియంలో చీపురు పట్టి ముసలిదైపోయింది. రోజూ సాయంత్రం తలుపులు మూసేముందు ఆ బొమ్మ కింద గుప్పెడు అన్నం, ఒక గ్లాసు కాఫీ పెట్టేది. గ్లాసులో తాటిబెల్లం ఎంత వేసేదంటే చెంచా నిలబడేది. మా ఇంట్లో బెల్లం డబ్బా ఉన్నదే ఆ గ్లాసు కోసం. అమ్మకి షుగరు. నేనూ అమ్మమ్మా చేదు కాఫీ తాగేవాళ్ళం. పొద్దున చూస్తే గ్లాసులో అడుగున మడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు.

"ఉడతలు తాగుతున్నాయే అమ్మమ్మా. లేదంటే కాపలా పేరు చెప్పి నెంగా మామ లాగించేస్తున్నాడు," అనేదాన్ని.

మ్యూజియం కాపలాదారు నెంగా మామ పళ్ళికిలించేవాడు. "అంత తీపి నేను తాగితే ఈపాటికి నా కాలు కోసేసేవాళ్ళు. ఏమ్మా లాయరమ్మా, సాక్ష్యం లేకుండా మనుషుల మీద కేసులు పెట్టడమేనా దెన్‌పసార్‌లో నేర్పేది?"

మా దీవిలో పెద్ద పట్నం దెన్‌పసార్. అక్కడ నేను లా చదువుతున్నాను. చదివింది తక్కువ, వాదించింది ఎక్కువ. అంతర్ కళాశాల పోటీల్లో అవతలి జట్టువాళ్ళు నా పేరు వింటే నీళ్ళు తాగేవాళ్ళు. అమ్మమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని అమ్మ కబురు పెడితే, మౌనదినానికి ముందురోజు ఇంటికొచ్చాను.

మౌనదినం అంటే మాకు కొత్త ఏడాదిలో మొదటి రోజు. ముందు సాయంత్రం ఊరంతా డబ్బాలూ డప్పులూ వాయించి భూతాలని తరుముతాం. తెల్లారి నుంచి మర్నాడు తెల్లారేదాకా దీవిలో నిప్పు రాజెయ్యరు, దీపం పెట్టరు, వీధిలో అడుగు పెట్టరు. పైనుంచి చూసే భూతాలకి ఇక్కడ ఎవరూ లేరనిపించాలి. అంతే సంగతి.

అమ్మమ్మ తూర్పు మండపంలో పడుకుని ఉంది. నాలుగు స్తంభాల మీద పైకప్పు, రెండు వైపులా గోడ, రెండు వైపులా ఖాళీ. ఇంట్లో జబ్బుపడ్డవాళ్ళు పడుకునే చోటు. పోయినవాళ్ళని పడుకోబెట్టే చోటు కూడా అదే. నన్ను చూడగానే ఆవిడ అడిగిన మొదటి మాట:

"ఫ్లాస్కులో కాఫీ పోశారా? రేపు పొయ్యి ఉండదు."

"ఎవరికి?"

"తెలీనట్టు అడక్కు. అక్కకి."

"రేపు అందరికీ ఉపవాసమేగా. బొమ్మకి కూడా ఒకరోజు విశ్రాంతి ఇవ్వు."

"నేనేమైనా వీధిలోకి పోతున్నానా? గోడ తలుపులోంచి ఇలా వెళ్ళి అలా వస్తా. ఏటా వెళ్తున్నా. దేవుడే ఊరుకున్నాడు, మధ్యలో నీకేంటి?"

"నువ్వు లేచి కూర్చోలేవు అమ్మమ్మా."

"అందుకేగా నిన్ను పిలిపించింది, లూ." మా వైపు ఆడపిల్లని అలా పిలుస్తారు.

అప్పుడు అర్థమైంది నాకు. జబ్బు చూడ్డానికి కాదు, చీపురూ గ్లాసూ అప్పగించడానికి పిలిపించింది. "నేను పోయాక దాని సంగతి నువ్వు చూడాలి. మాటివ్వు," అని నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఎముకలు తప్ప ఏమీ లేవు.

నాకు ఒళ్ళు మండింది. "ఇవ్వను," అన్నాను. "నా బతుకంతా ఒక బొమ్మకి కాఫీ మోస్తూ గడపమంటావా? అసలు అన్నం ఎవరికి పెడతాం మనం? పాతిపెట్టి ఉంచి, దహనం ఇంకా చెయ్యని వాళ్ళకి. అయిపోయినవాళ్ళకి పెట్టం. సందాత్ అమ్మమ్మకి దహనం చేశారా లేదా?"

"చేశారు."

"సముద్రం ఒడ్డున నిలబడి ఆత్మని పిలిచారా లేదా?"

"పిలిచారు. సముద్రంలో పోయిందనుకున్నారు కాబట్టి అక్కడ పిలిచారు. శవం దొరకలేదని గంధపుచెక్క మీద ఆడమనిషి బొమ్మ గీసి దాన్ని కాల్చారు. వాళ్ళు కాల్చింది చెక్కనే లూ, అక్కని కాదు."

"అంటే ఒక బొమ్మని కాల్చి ఇంకో బొమ్మని మేపుతున్నారు. బాగుంది! పోనీ నువ్వు చెప్పేదే నిజమనుకుందాం. అక్క నిజంగా అక్కడే ఉంది. మరి రోజూ అన్నం పెట్టి కట్టేసింది ఎవరు? ఆవిడ పోలేకపోతోందంటే కారణం నువ్వే."

పోటీల్లో ఇలాంటి మాట పడగానే చప్పట్లు కొడతారు. మండపంలో ఎవరూ కొట్టలేదు. అమ్మ గిన్నె కడుగుతూ ఆగిపోయింది.  అప్పుడు అమ్మమ్మ నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది.

యుద్ధం రోజులు. అమ్మమ్మకి ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయసు. సందాత్ పొద్దుట నుంచీ చాప మీద కూర్చునేది. దొరకి మా భాషలో వచ్చిన మాటలు రెండు. ఆ పూటకి పని అయ్యాక రెండుసార్లు చప్పట్లు కొట్టి "చాలు, లే," అనేవాడు. అవి వినిపించేదాకా సందాత్ రెప్ప కూడా వెయ్యకూడదు. చెల్లెలు కాఫీ తెచ్చి అక్క పెదాలకి ఆనించి తాగించేది. మధ్యలో అక్క లేవాల్సి వస్తే దొర చెల్లెల్ని లాక్కెళ్ళి సరిగ్గా అలాగే కూర్చోబెట్టేవాడు. కాళ్ళు అలాగే, చెయ్యి అలాగే. వెలుగు ఎక్కడ పడేదో గుర్తు పోకూడదట. చాప ఖాళీగా ఉండకూడదట. అక్క తిరిగి రాగానే చెల్లెలు లేచి పరిగెత్తేది.

ఒకరోజు సైనికులు వచ్చారు. కుంచె చేతిలో ఉండగానే దొరని ట్రక్కు ఎక్కించుకుపోయారు. చెల్లెలు కాఫీ తీసుకెళ్ళేసరికి గదిలో అక్క ఒక్కతే కూర్చుని ఉంది.

"రా అక్కా, ఆయన్ని పట్టుకుపోయారు అన్నాను. రాలేదు. ఆయనింకా చెప్పలేదుగా అంది. పెదాలు కదపకుండా అంది. కాఫీ తాగింది. పొద్దుపోయాక అమ్మ వెళ్ళి తీసుకురమ్మంటే మళ్ళీ వెళ్ళాను. నేల మీద అక్క నడుంకి కట్టుకునే గుడ్డ ఉంది. అక్క లేదు." అమ్మమ్మ ఊపిరి అందక ఆగింది. "పొద్దున ఆ బొమ్మకి ముఖం లేదు లూ. దొర ఇంకా ముఖం వెయ్యలేదు. సాయంత్రానికి ఉంది."

యుద్ధం అయ్యాక దొర తిరిగి వచ్చాడట. ఆ బొమ్మ ముందు నిలబడి గోడ పట్టుకున్నాడట. తన బొమ్మలన్నిటి మీదా సంతకం పెట్టాడు గానీ దాని మీద పెట్టలేదు. ఇప్పటికీ లేదు.

ఆ కథ నన్ను పట్టేసిన మాట నిజమే. కానీ ఓడిపోవడం నాకు అలవాటు లేదు. "అయితే ఆ మాట నువ్వే అనొచ్చుగా? రెండు చప్పట్లు, ఒక్క మాట. ఇన్నేళ్ళూ ఎందుకు అనలేదు?"

"అక్క లేస్తే..."

"లేస్తే?"

"చాప ఖాళీగా ఉండకూడదు."

నేను నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు. "నువ్వే గెలిచావులే. నువ్వెప్పుడూ గెలుస్తావు," అని మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు దీవి మొత్తం నోరు మూసుకుంది. మోటారు సైకిళ్ళు లేవు, విమానాలు లేవు. సముద్రం మా పెరట్లోకి వచ్చినంత దగ్గరగా వినిపించింది. అమ్మమ్మ ఊపిరి మండపంలోంచి గీసినట్టు వస్తోంది. మధ్యాహ్నం నుంచీ ఒకటే మాట: "దానికి ఆకలేస్తుంది... దానికి ఆకలేస్తుంది..." అమ్మ మొహం చూడలేకపోయాను.

ఆ ముసలిదాని గుండెలోంచి ఆ ముల్లు తీసి పారేస్తే హాయిగా పోతుందనుకున్నాను. అంతే అనుకున్నాను. పొద్దు వాలుతుండగా ఫ్లాస్కూ గ్లాసూ తాళంచెవులూ తీసుకుని, వంగి, గోడ తలుపు దాటాను.

మ్యూజియం తోటలో ఎండుటాకులు. నిన్నటి పూలబుట్టలు గుమ్మాల దగ్గర వాడిపోయి ఉన్నాయి. లోపల కిటికీలన్నీ మూసేశారు. అవిసెనూనె వాసన, తడిగోడ వాసన. ఒక్కో గది దాటుతుంటే వెనక వెలుగు తగ్గిపోతోంది. చివరి గదికి చేరేసరికి బొమ్మలో పసుపు చాప ఒక్కటే కనిపిస్తోంది. ముఖం ఉండాల్సిన చోట మసక.

కాఫీ పోసి కింద పెట్టాను. చల్లారిన బెల్లం వాసన వచ్చింది.

"ఇదే ఆఖరిది," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా అనిపించింది. "మా అమ్మమ్మని వదిలెయ్యి. నువ్వూ వెళ్ళు."

రెండుసార్లు చప్పట్లు కొట్టాను. మెల్లగా.

"చాలు. లే."

ఏమీ కాలేదు. బల్లి కూడా పలకలేదు. నా మీద నాకే నవ్వొచ్చింది. వెనక్కి తిరిగాను.

చాప చప్పుడైంది.

మొగలాకు చాప మీద చాలాసేపు కూర్చున్న మనిషి బరువు మార్చుకుంటే వచ్చే చప్పుడు. ఆ గదిలో చాప లేదు. ఎర్రగచ్చు నేల. చాప ఉన్నది... బొమ్మలోనే.

నేను తిరగలేదు.

మోకాలు విరిచినట్టు పటుక్కుమంది. ఇంకో మోకాలు. తర్వాత ఒక నిట్టూర్పు. చాలా పొడుగ్గా. తిమ్మిరెక్కిన కాళ్ళు చాపుకుంటే నొప్పీ హాయీ కలిసి వస్తుందే, అలాంటి నిట్టూర్పు.

గచ్చు మీద ఒక పాదం ఆనింది. తడిగా. రెండోది... ఈడ్చుకుంటూ.

ఎలా పరిగెత్తానో తెలీదు. గదులు, గుమ్మాలు, ఆకులు. వెనక అదే వరస. ఒక అడుగు... ఒక ఈడ్పు. తొందరేమీ లేదు. దారి తెలిసిన నడక అది. గోడ తలుపు దాటి, మూసి, గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. అప్పటికి మొత్తం చీకటి. అమావాస్య మర్నాటి చీకటి, ఒక్క దీపమైనా లేని దీవి. నా చెయ్యి నాకు కనిపించలేదు.

వీధిగోడ అవతలి నుంచి గుసగుస: "ఎవరది?"

నెంగా మామ. మౌనదినాన వీధుల్లో తిరిగే హక్కు కావలివాళ్ళకే ఉంటుంది.

"నేనే మామా... సువిత్రిని."

"బుద్ధుందా నీకు? ఈ రోజు అటు పోతావా? మీ అమ్మమ్మ అంటే ముసల్ది, సరే." ఆగాడు. "ఒక్కదానివేనా?"

"ఆ."

గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగినట్టున్నాడు. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "మరి ఆ కుంటుకుంటూ వస్తున్నది ఎవరే?"

నా వీపు ఆనించిన చెక్క మీద ఏదో ఆనింది. అరచెయ్యి ఆనించినంత మెత్తగా. తట్టలేదు. తొయ్యలేదు. ఆనించి... అలా ఉంచింది.

మండపంలోకి పరిగెత్తాను. అమ్మ చీకట్లో అమ్మమ్మ కాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. నేను అమ్మమ్మ చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాను.

"గడియ తియ్యి లూ," అంది అమ్మమ్మ. పొద్దుట నుంచీ లేని స్పష్టత ఆ గొంతులో. "ఎక్కువసేపు నిలబడలేదు అది. కాళ్ళు నొప్పెడతాయి."

"ఎవరూ లేరు అమ్మమ్మా."

"లేపింది నువ్వేగా."

అమ్మ ఏడుపు గొంతుతో, "ఏం చేశావే?" అంది.  

"దాన్ని తిట్టకు," అంది అమ్మమ్మ. "నేను అనాల్సిన మాట అది అంది. నాకే భయం. అక్క వెళ్ళిపోతే ఒంటరినైపోతానని భయం, వెళ్ళకపోతే పాపమని భయం. ఇన్నేళ్ళు అక్కకి ఎంత తిమ్మిరెక్కి ఉంటుందో..." నా చేతిని తన చెంపకి ఆనించుకుంది. తడి. "ఇప్పుడు నా వంతు. కాసేపే. అది తిరిగొచ్చేదాకా."

"వద్దు అమ్మమ్మా. నేను మళ్ళీ వెళ్ళి... కూర్చోమని చెప్తాను. ఇప్పుడే వెళ్తాను."

"అప్పుడే లేచినదాన్ని కూర్చోమంటావా? అంత కఠినురాలివా నువ్వు?"

అదే ఆవిడ నాతో గెలిచిన మొదటి వాదన.

తర్వాత మండపంలో మంచం కిర్రుమంది. కదిల్తే ఆయాసపడే మనిషి, నెమ్మదిగా లేచి కూర్చుంటున్న చప్పుడు. నా చేతిలో చెయ్యి జారి, మోకాలి మీదికి వెళ్ళింది. ఊపిరి గీసినట్టు ఒకసారి వినిపించింది. ఇంకోసారి కోసం ఆగాను.

ఆగాను...

అమ్మ గట్టిగా ఏడవబోయి పైట నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ఏడవకూడదు. దీపం పెట్టకూడదు. చావుని కూడా తెల్లారేదాకా దాచిపెట్టాలి. వీధిగోడ దగ్గరికి వెళ్ళి నెంగా మామకి గుసగుసగా చెప్పాను. ఆయన కూడా ఏడవలేదు. గోడకి అవతల కూలబడిన చప్పుడు మాత్రం వినిపించింది. తెల్లారేదాకా అక్కడే ఉన్నాడు. మేము ఇవతల, కూర్చునే ఉన్న అమ్మమ్మకి చెరో పక్కనా. పెరట్లో ఎవరో తిరిగినట్టు అనిపించింది. ఒక అడుగు, ఒక ఈడ్పు. కాసేపటికి రెండు పాదాలూ సరిగ్గానే పడ్డాయి.

వెలుగొచ్చాక చూశాం. రెండు కాళ్ళూ ఒక పక్కకి మడిచి, కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి, కిటికీ ఉన్నట్టు ఖాళీ వైపు చూస్తూ కూర్చుని ఉంది అమ్మమ్మ. ఎంత మందిమి పట్టినా ఆ కాళ్ళు చాపలేకపోయాం. కూర్చోబెట్టే స్నానం చేయించాం. పుణ్యాత్మురాలు, తపస్సులో పోయింది అన్నారు ఇరుగుపొరుగు. గోడ తలుపు గడియ తీసి ఉంది. అమ్మ తియ్యలేదు. నేనూ తియ్యలేదు.

దహనం అయిపోయింది. ఈసారి గంధపుచెక్క కాదు, మనిషినే కాల్చాం. బూడిద సముద్రంలో కలిపాం. నేను ఇంక దెన్‌పసార్ వెళ్ళలేదు.

బొమ్మ ఎప్పటిలాగే ఉంది. వచ్చినవాళ్ళు ఎప్పటిలాగే గొంతు తగ్గిస్తున్నారు. నేను ముఖంలోకి చూడను. చీపురు పక్కన పెట్టి, తలుపులు మూసేముందు గ్లాసు పెడతాను. మొదట్లో రెండు పెట్టేదాన్ని, తీపిదొకటి, చేదుదొకటి. తెల్లారి చూస్తే తీపి గ్లాసు నిండా చీమలు. చుక్క తగ్గేది కాదు. చేదు గ్లాసులో అడుగున మడ్డి.

తీపిది పెట్టడం మానేశాను.

రోజూ ఆ గదిలో నిలబడతాను. రెండు చేతులూ దగ్గరికొస్తాయి. మాట నాలుక మీదికి వస్తుంది. ముసలి కాళ్ళు, ఎంత నొప్పెడుతున్నాయో అనుకుంటాను. అప్పుడు అమ్మ గుర్తొస్తుంది. మా ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. చేతులు దించుకుని తాళం వేసుకుని వచ్చేస్తాను.

నిన్న సాయంత్రం వసారాలో కూర్చుని నా కాఫీ తాగుతున్నాను. అమ్మ వంటింట్లోంచి బెల్లం డబ్బా పట్టుకుని వచ్చింది.

"మళ్ళీ అడుగంటింది. పోయినవారం నిండా కొట్టించి తెచ్చాను. ఎప్పటి నుంచే నువ్వు తీపి తాగుతున్నది?"

నా గ్లాసు అమ్మకి ఇచ్చాను. ఒక గుక్క తాగింది. చేదుకి మొహం ముడుచుకుంది. మెల్లగా డబ్బా కింద పెట్టి, నా పక్కన కూర్చుంది.

ఇద్దరం వంటింటి వైపే చూస్తున్నాం. చీకటి పడుతోంది. ఎవరమూ లేచి దీపం పెట్టలేదు.